సోలార్ కరెంటు కోటా గురించి ఎమ్మెల్యేని అడగాలా, ఎంపీనా, కమిషన్‌నా?

గిరిరోడ్డు_గొంతు
ఒడిశాలో, మా బరంపురంలో, మా వార్డు వాళ్లం కొందరం కలిసి ఒక ఉత్తరం పెడదామనుకుంటున్నాం. మనకి వచ్చే కరెంటులో ఇంత శాతం సోలారు, గాలి, నీటి నుంచి రావాలన్న నిబంధన కాగితం మీద కాకుండా నిజంగా అమలవ్వాలి, అందులో మన దక్షిణ జిల్లాలకి వాటా కనిపించాలి. ఇదీ అడగాలనుకుంటున్నది. పీటముడి ఎక్కడంటే, ఎవరికి రాయాలి? ఎమ్మెల్యే దగ్గరికెళ్తే "అది విద్యుత్ నియంత్రణ కమిషన్ పని" అంటారు. కమిషన్‌కి రాస్తే "అది ప్రభుత్వ విధానం" అంటారు. ఎంపీ అయితే "రాష్ట్రం చూసుకోవాలి" అంటారు. ఎవరి చేతిలో ఏముందో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

కోలాబ్_గట్టు
ముగ్గురి చేతిలోనూ ఉంది, కాకపోతే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది. అన్నీ కలిపి ఒకే ఉత్తరంలో రాస్తే ముగ్గురూ తప్పించుకుంటారు.

కరెంటు ఉమ్మడి జాబితాలోది. పార్లమెంటు చట్టం చెయ్యొచ్చు, అసెంబ్లీ కూడా చెయ్యొచ్చు. 2003 విద్యుత్ చట్టం 86(1)(ఇ) ప్రకారం పంపిణీ ప్రాంతంలో వాడే మొత్తం కరెంటులో ఎంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి కొనాలో రాష్ట్ర కమిషన్ నిర్ణయిస్తుంది. మనకి అది భువనేశ్వర్‌లోని ఓఈఆర్‌సీ, అంటే ఒడిశా విద్యుత్ నియంత్రణ కమిషన్. ఆ తర్వాత 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. దాని కింద కేంద్రం 2023 అక్టోబరు 20న నోటిఫికేషన్ ఇచ్చి దేశమంతటికీ కనీస శాతాలు పెట్టింది. 2024-25కి 29.91, 2025-26కి 33.01, 2026-27కి 35.95, అలా పెరుగుతూ 2029-30కి 43.33. ఇది డిస్కంలకే (కరెంటు పంపిణీ కంపెనీలకే) కాదు, సొంత ప్లాంటు పెట్టుకుని కరెంటు వాడుకునే ఫ్యాక్టరీలకీ వర్తిస్తుంది. కొరాపుట్, రాయగడ జిల్లాల్లో అలాంటి పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నాయి గనక ఇది మనకి చిన్న విషయం కాదు.

ఒడిశాలో ఇంకో మెలిక ఉంది. మన డిస్కంలు సొంతంగా కరెంటు కొనవు, వాటన్నిటికీ కొనిపెట్టేది గ్రిడ్కో. కాబట్టి ఈ కోటా భారం కూడా గ్రిడ్కో మీదే. గంజాం నుంచి మల్కన్‌గిరి దాకా ఎనిమిది జిల్లాలకి సరఫరా చేసే డిస్కం టీపీఎస్‌ఓడీఎల్‌ని "మీ కోటా ఎంత" అని అడిగితే గ్రిడ్కో వైపు చూపిస్తుంది, అందులో తప్పేం లేదు.

వంశధార_రేవు
అదంతా సరే. మనకి బలిమెల, ఎగువ కోలాబు, ఇంద్రావతి, మాచ్‌ఖండ్ ఉన్నాయి గదా. నీటి కరెంటు కూడా లెక్కలోకొస్తే ఆ 30, 35 శాతంలో పెద్ద ముక్క దాంతోనే పోతాది. ఇంక కొత్తగా ఎవరేటి పెడతారు?

కోలాబ్_గట్టు
@వంశధార_రేవు అసలు కిటుకు అదే. నోటిఫికేషన్ మొత్తం శాతాన్ని నాలుగు ముక్కలు చేసింది: గాలి, జలవిద్యుత్తు, డిస్ట్రిబ్యూటెడ్, ఇతరం. గాలి, జలవిద్యుత్తు ముక్కల్లో లెక్కకొచ్చేవి 2024 మార్చి 31 తర్వాత మొదలైన ప్రాజెక్టులే. బలిమెల 510 మెగావాట్లు, ఎగువ కోలాబు 320, ఇంద్రావతి 600, ఇవన్నీ పాతవి గనక "ఇతరం"లోకి పోతాయి. ఆ ముక్కే అన్నిటికన్నా పెద్దది, 2024-25లో 29.91లో 27.35 అదే. అంటే పాత డ్యాములు బాగా నడిచిన ఏడాది కొత్త సోలార్ పలక ఒక్కటీ పెట్టకుండా చాలా వరకు పాస్ అయిపోవచ్చు.

అందుకని "రెన్యువబుల్ శాతం పెంచండి" అని అడగడంలో పెద్ద బలం లేదు. డిస్ట్రిబ్యూటెడ్ ముక్క మీద అడగాలి. 10 మెగావాట్ల లోపు ప్లాంట్లు, ఇళ్ల కప్పుల మీది సోలారు, ఇవే అందులోకి వస్తాయి. 2024-25కి 1.5 శాతం, ఏటా 0.6 చొప్పున పెరిగి 2029-30కి 4.5 శాతం. పాత డ్యాము దీన్ని నింపలేదు, ఎక్కడో రాజస్థాన్ ఎడారిలో పెట్టిన 500 మెగావాట్ల ప్లాంటు కూడా నింపలేదు. ఉత్తరం రాసే నాటికి ఈ నోటిఫికేషన్ మీద వచ్చిన సవరణలు కూడా ఒకసారి చూసుకుని అంకెలు వెయ్యండి.

ఫీడరు_నం7
డిస్ట్రిబ్యూటెడ్ ముక్క అంటే నేల మీద ఎంతో లెక్క కట్టి పెడుతున్నా, ఉత్తరంలో వాడుకోండి.

వాడకం 100 కోట్ల యూనిట్లు అనుకుందాం. 2026-27 శాతం 2.7, అంటే 2.7 కోట్ల యూనిట్లు చిన్న ప్లాంట్ల నుంచి రావాలి. ఉత్పత్తి మీటరు వివరాలు లేనిచోట కిలోవాట్‌కి రోజుకి 3.5 యూనిట్లు లెక్క కట్టమని నోటిఫికేషనే చెప్పింది. ఏడాదికి 1,277 యూనిట్ల చిల్లర. 2.7 కోట్లని దాంతో భాగిస్తే సుమారు 21,100 కిలోవాట్లు, అంటే 21 మెగావాట్లు. ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున అయితే 7,000 ఇళ్లు. ఇది 100 కోట్ల యూనిట్లకి. మీ ప్రాంతం మొత్తం వాడకం డిస్కం కమిషన్‌కి వేసే టారిఫ్ (ధరల) దరఖాస్తులో ఉంటుంది, దాంతో హెచ్చవేసుకోండి. ఎమ్మెల్యేకి "2.7 శాతం" అంటే తలకెక్కదు, "మన జిల్లాలో ఇన్ని వేల కప్పులు" అంటే ఎక్కుతుంది.

పాతకోట_పర్లాకిమిడి
కోటా పెంచమంటే బిల్లు పెరుగుతుంది, ఆ మాట ఎవరూ చెప్పరేం? తాల్చేరు బొగ్గు గని పక్కనే ఉన్న రాష్ట్రం మనది. చవక కరెంటు వదిలేసి కోటా కోసం ఖరీదైనది కొంటే చివరికి ఎవరి నెత్తిన పడుతుంది?

కోలాబ్_గట్టు
@పాతకోట_పర్లాకిమిడి పదేళ్ల కిందటైతే మీ మాట నిజం. ఇప్పుడు పెద్ద సోలార్ టెండర్లలో యూనిట్ ధర రెండున్నర రూపాయల దరిదాపుల్లో తేలుతోంది. కొత్తగా కట్టే బొగ్గు ప్లాంటు ఆ ధరకి ఇవ్వలేదు. గని పక్కనే ఉన్న పాత ప్లాంట్లు చవకే, వాటిని ఎవరూ మూయమనడం లేదు. పెరిగే వాడకానికి కొత్తగా కొనేది ఏదన్నదే ప్రశ్న.

రాయగడ_రేకులు
మధ్యాహ్నం వచ్చే కరెంటుతో రాత్రి ఏం చేస్తాం? మన రాష్ట్రంలో గిరాకీ ఎక్కువ సాయంత్రమే గదా. ఆ సంగతి చెప్పకుండా రెండున్నర రూపాయలు అంటే అరకొర లెక్క.

ఫీడరు_నం7
సోలారు ఒక్కదానికే చూస్తే నిజమే. కానీ మన దక్షిణ జిల్లాలకి ఉన్న వరం ఆ డ్యాములే. పగలు సోలారు వస్తుంటే బలిమెల, కోలాబు టర్బైన్లు ఆపి నీళ్లు నిలవ ఉంచుకోవచ్చు, సాయంత్రం ఆరు దాటాక వదలొచ్చు. బ్యాటరీ లేకుండానే సగం పని అయిపోతుంది. ఈ వాదన ఉత్తరంలో తప్పకుండా పెట్టండి, వేరే రాష్ట్రాల్లో చాలామందికి ఈ వసతి లేదు. కొత్త సోలార్ టెండర్లలో ప్లాంటు సామర్థ్యంలో కనీసం 10 శాతానికి సమానంగా రెండు గంటల నిలవ పెట్టాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో సలహా ఇచ్చింది కూడా. సలహాయే, నిబంధన కాదు. దాన్ని నిబంధన చెయ్యమని అడగొచ్చు.

పాతకోట_పర్లాకిమిడి
డ్యాముల మాట ఒప్పుకుంటా. బిల్లు మాట ఇంకా ఒప్పుకోను. కప్పు మీద సోలారు పెట్టుకునేది మేడలున్నవాళ్లు. నెలకి 50 యూనిట్లు కాల్చేవాడికి 2024-25 టారిఫ్‌లో యూనిట్ 3 రూపాయలే. వాడికి పలకల వల్ల మిగిలేదేముంది? పైగా వాడింటి మీద ఉండేవి రేకులు, అవి పలకల బరువు ఆపలేవు. మేడవాళ్లు బిల్లు తగ్గించుకుంటే లైన్ల ఖర్చు మిగతావాళ్ల మీద పడుతుంది.

గిరిరోడ్డు_గొంతు
ఇది న్యాయమైన మాట. మేం రాసుకున్న చిత్తులో ఇది లేనే లేదు. దీనికి విరుగుడేంటి?

కోలాబ్_గట్టు
పంచాయతీ స్థలంలోనో స్కూలు కప్పు మీదో ఒక ప్లాంటు పెట్టి, అందులో పుట్టిన యూనిట్లని చాలా ఇళ్ల బిల్లుల్లోకి పంచే పద్ధతి ఉంది, వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. డిస్ట్రిబ్యూటెడ్ కోటాలో ఇంత భాగం కప్పు లేని పేద ఇళ్లకి ఈ పద్ధతిలోనే రావాలని అడగండి. పర్లాకిమిడి మిత్రుడి అభ్యంతరానికి జవాబూ అవుతుంది, ఉత్తరం మీద సంతకం పెట్టే జనమూ పెరుగుతారు.

మేడలున్నవాళ్ల సంగతి ఇప్పటికే తేలింది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి కేంద్రం 78,000 రూపాయలు, దాని మీద ఒడిశా ప్రభుత్వం 60,000, మొత్తం 1,38,000. వాళ్లకోసం ఇంకా పోరాడక్కర్లేదు.

మిర్చియార్డ్_ధర్మాబాద్
మా దిక్కు సంగతి జర చెప్త, పనికొస్తదేమో చూడుండ్రి. మహారాష్ట్రల 2023ల ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని యోజన 2.0 అని తెచ్చిన్రు. వ్యవసాయ ఫీడర్లను, అంటే పొలాలకు పోయే కరెంటు లైన్లను, సోలార్ మీదికి మార్చి రైతుకు పగటి పూట కరెంటు ఇచ్చుడు దాని పని. సబ్‌స్టేషన్ దగ్గర్ల చిన్న చిన్న ప్లాంట్లు పెడ్తరు. జాగ ఇచ్చినోళ్లకు హెక్టారుకు ఏడాదికి 1,25,000 కిరాయి, ఏటా 3 శాతం పెంపు. ప్లాంటు వచ్చిన గ్రామ పంచాయతీకి ఏడాదికి 5 లక్షల చొప్పున మూడేండ్లు.

ఇండ్ల నేర్చుకునేది ఏందంటే, "పర్యావరణం" అన్న మాట మీద గాదు, "రాత్రి రెండింటికి మోటరు వెయ్యనీకి పాముల్ల పోవుడు తప్పుతది" అన్న మాట మీద రైతులు కదిలిన్రు. ఎమ్మెల్యేలు ఇసొంటి మాటనే వింటరు. మీరు గూడ ఫీడర్ పేరు, సబ్‌స్టేషన్ పేరు రాసి అడుగుండ్రి.

రాయగడ_రేకులు
హెక్టారుకి కిరాయి అనగానే గుర్తొచ్చింది. ఇక్కడ జాగ్రత్త. పాత అవిభక్త కొరాపుట్ అంతా, అంటే కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి, రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింది ఆదివాసీ ప్రాంతం. గజపతిలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా. ఇక్కడ ఆదివాసీ భూమి ఆదివాసీయేతరులకి పోకుండా 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ఉంది, 1996 పెసా (షెడ్యూల్ ప్రాంతాల పంచాయతీ చట్టం) ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. "కోటా పెంచండి" అని ఊరుకుంటే రేపు కొండ మీద పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి నిలవ ఉంచే ప్లాంటు) అనో, డొంగరు మీద సోలార్ పార్కు అనో మొదలవుతుంది, పల్లిసభ (ఊరి సభ) తీర్మానం ఏదంటే కాగితాలు పుట్టుకొస్తాయి.

ఉత్తరంలో ఈ వరస స్పష్టంగా ఉండాలి: మొదట ప్రభుత్వ భవనాల కప్పులు, తర్వాత కాలవ గట్లు, రిజర్వాయరు నీటి ఉపరితలం, అప్పటికీ చాలకపోతేనే భూమి, అదీ పల్లిసభ రాతపూర్వక సమ్మతితో. ఇది లేని ఉత్తరానికి మా వైపు నుంచి ఒక్క సంతకం రాదు, రాకూడదు కూడా.

వంశధార_రేవు
రిజర్వాయరు మీదైతే చేపలు పట్టుకునే వాళ్ల సంగతేటి? అది కూడా రాయండి. మునక ఊళ్ల వాళ్లు బతికేది ఆ నీటి మీదే.

రాయగడ_రేకులు
@వంశధార_రేవు అవును, చేర్చాలి. మత్స్యకార సంఘం సమ్మతి కూడా.

సబ్‌స్టేషన్_వీధి
జరిమానా సంగతి ఎవరూ ఎత్తలేదు. కోటా తప్పితే ఏమవుతుంది? విద్యుత్ చట్టం 142 కింద ఒక్కో ఉల్లంఘనకి లక్ష రూపాయల దాకా, ఆగకుండా సాగితే రోజుకి 6,000. గ్రిడ్కో లాంటి సంస్థకి అదొక లెక్కా? ఇంధన పొదుపు చట్టం సవరణ తర్వాత 10 లక్షల దాకా, దాని మీద లోటుకి తగ్గట్టు అదనపు జరిమానా. ఇది కాస్త నొప్పి పుట్టిస్తుంది. కానీ దేశంలో చాలా చోట్ల జరుగుతూ వచ్చిందేంటంటే, లోటుని "వచ్చే ఏడాదికి మళ్లిస్తున్నాం" అని కమిషన్లు ఒక లైను రాసేసి ఊరుకోవడం. ఇంకో దారి, పునరుత్పాదక కరెంటు సర్టిఫికెట్లు (ఆర్‌ఈసీలు) కొనేసి చేతులు దులుపుకోవడం. ఒక్కో ఆర్‌ఈసీ 1,000 యూనిట్లకి సమానం. కాగితం కొంటే కోటా నిండుతుంది, మన ఊళ్లో ఒక్క పలక కూడా లేవదు.

కాబట్టి మూడు మాటలు: లోటు మళ్లింపు వద్దు, డిస్ట్రిబ్యూటెడ్ ముక్కకి సర్టిఫికెట్లు వద్దు, జరిమానా డబ్బు టారిఫ్‌లో కలపకుండా విడిగా పెట్టి లోటున్న జిల్లాలోనే ఖర్చు పెట్టాలి.

గిరిరోడ్డు_గొంతు
ఇప్పుడు దారి కనిపిస్తోంది. ఎవరికి ఏ ముక్క పంపాలో చెప్పండి.

కోలాబ్_గట్టు
కమిషన్‌కి. డిస్కంలు, గ్రిడ్కో టారిఫ్ దరఖాస్తులు నవంబరు 30 లోపు వేస్తాయి. ఆ తర్వాత పేపర్లో నోటీసు పడుతుంది, అభ్యంతరాలకి గడువు ఉంటుంది, జనవరి ఫిబ్రవరిల్లో విచారణ, మార్చి ఆఖరుకి ఉత్తర్వు, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధరలు. చట్టంలో 64వ సెక్షన్ ప్రకారం ప్రజల సూచనలు, అభ్యంతరాలు చూడకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు. ఎక్కువమంది పొరబడేది కేసు నంబరు దగ్గర. టీపీఎస్‌ఓడీఎల్ రిటైల్ టారిఫ్ కేసులో కోటా గురించి రాస్తే పక్కన పడేస్తారు. ఏ కరెంటు ఎక్కడ కొంటారన్న ప్రణాళిక ఉండేది గ్రిడ్కో కేసులో. అభ్యంతరం ఆ నంబరు మీద వెయ్యాలి. నోటీసులో అడిగితే అఫిడవిట్ జతచెయ్యాలి, అడిగినన్ని కాపీలు ఇవ్వాలి, ఒకటి గ్రిడ్కోకి పంపి ఆ రసీదు జతపరచాలి. విచారణలో ఆన్‌లైన్‌గా మాట్లాడే వీలుందేమో నోటీసులో చూసుకుని ముందే మెయిల్ పెట్టండి, మల్కన్‌గిరి నుంచి భువనేశ్వర్ పోనక్కర్లేదు.

ఎమ్మెల్యేకి. జిల్లాల వారీ వాటా, పల్లిసభ సమ్మతి, పేద ఇళ్లకి వర్చువల్ మీటరింగ్ కోసం బడ్జెట్. ఇవి రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నవి. బడ్జెట్ సమావేశాలకి కనీసం నెల ముందు, ఆయన నియోజకవర్గంలో ఉన్నప్పుడు కలవండి. చేతికిచ్చేది ఒక పేజీ ఉత్తరం, వెనక అసెంబ్లీ ప్రశ్న ముసాయిదా. ప్రశ్న సిద్ధంగా రాసిస్తేనే పని ముందుకి కదులుతుంది. మాదిరి:

"(క) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో డిస్ట్రిబ్యూటెడ్ కోటా లక్ష్యం ఎంత, సాధించింది ఎంత? (ఖ) అందులో గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాల వాటా విడివిడిగా ఎంత? (గ) లోటు ఉంటే ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారు?"

ఎంపీకి. జరిమానా, సర్టిఫికెట్ల నిబంధన, రెండు గంటల నిలవ. ఇవి కేంద్రం చేతిలోవి. లోక్‌సభ ప్రశ్నకి 15 పూర్తి రోజుల ముందు నోటీసు కావాలి, 150 మాటలు దాటకూడదు. స్టార్డ్ ప్రశ్నే (సభలో నోటితో జవాబిచ్చేది) కావాలని పట్టుబట్టకండి. రోజుకి 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్ వస్తాయి. అన్‌స్టార్డ్ అయితే రాతపూర్వకంగా అంకెలు దొరుకుతాయి, మనకి కావాల్సింది అవే.

జైపూరు_బడి
ఎంపీ ఎవరో చూసుకుని పంపండి. బరంపురం, పర్లాకిమిడి, మోహన బరంపురం లోక్‌సభ కిందికి వస్తాయి. గుణుపురం, రాయగడ, జయపురం కొరాపుట్ లోక్‌సభ. మల్కన్‌గిరి, కోట్‌పాడ్ నవరంగపూర్ లోక్‌సభ. జిల్లా పేరు చూసి పంపితే వేరే నియోజకవర్గం ఓటరని పక్కన పెట్టేస్తారు. సంతకం కింద ఓటరు చిరునామా, వార్డు లేదా పంచాయతీ రాయడం మరిచిపోకండి.

సబ్‌స్టేషన్_వీధి
వేలమంది సంతకాలతో పార్లమెంటుకి పిటిషన్ పెడదామని ఎవరైనా అంటే ముందు రూలు చూడండి. లోక్‌సభ పిటిషన్ మీద ఎంపీ ప్రతిసంతకం ఉండాలి. హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగులోనో ఒడియాలోనో రాస్తే అనువాదం జతచేసి దాని మీద కూడా పిటిషనరు సంతకం చెయ్యాలి. ఉత్తరాలు, అఫిడవిట్లు, వేరే కాగితాలు జతచెయ్యకూడదు, అన్నీ పిటిషన్ లోపలే రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, చట్టం కిందో రూల్స్ కిందో వేరే చోట పరిష్కారం దొరికే విషయమైతే తీసుకోరు. కాబట్టి "మా ఊళ్లో నెట్ మీటరు ఆలస్యం" అని అందులో రాస్తే మొత్తం పిటిషనే పోతుంది. చట్టం మారితేనే జరిగేది మాత్రమే అడగాలి.

పాతకోట_పర్లాకిమిడి
ముందు అంకెలు చేతిలో ఉండాలి గదా. "కోటా తప్పారు" అని ఆధారం లేకుండా రాస్తే ఒక్క లైనుతో కొట్టేస్తారు.

ఫీడరు_నం7
సమాచార హక్కు దరఖాస్తు గ్రిడ్కోకి వెయ్యండి. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, తప్పించుకోలేదు. ఒడిశాలో తెల్లకాగితం మీద రాస్తే వెనక్కి పంపుతారు, ఫారం-ఎ లోనే రాయాలి. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అతికించొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, దానికి 20 రూపాయల స్టాంపు. అడిగేది ఏడాదీ, ముక్కా విడదీసి అడగండి: "2024-25లో డిస్ట్రిబ్యూటెడ్ పునరుత్పాదక విద్యుత్తు ఎన్ని మిలియన్ యూనిట్లు లెక్కలో చూపారు, దాన్లో ఇళ్ల కప్పుల నుంచి వచ్చింది ఎంత, అంచనా వేసింది ఎంత, మీటరు చూసి రాసింది ఎంత". ఆఖరి ముక్క వదలకండి. 3.5 యూనిట్ల అంచనా లెక్కలో చెడిపోయిన పలక కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. 2018 తిత్లీ లాంటి తుపాను గజపతి మీదుగా మళ్లీ వెళ్తే కప్పులు ఎగిరిపోయినా కాగితం మీద యూనిట్లు పుడుతూనే ఉంటాయి. అందుకే ఉత్పత్తి మీటరు తప్పనిసరి చెయ్యమని కూడా అడగాలి.

పాతకోట_పర్లాకిమిడి
పేద ఇళ్ల వాటా, ఉత్పత్తి మీటరు రెండూ చేరిస్తే పర్లాకిమిడి నుంచి నేనూ సంతకాలు పట్టిస్తా. బిల్లు మీద నా అనుమానం మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఇంకో లైను: కోటా వల్ల యూనిట్‌కి ఎన్ని పైసలు పెరిగిందో తగ్గిందో టారిఫ్ ఉత్తర్వులో కమిషన్ విడిగా చూపించాలి.

కోలాబ్_గట్టు
మంచి లైను. దాన్ని కమిషన్ అభ్యంతరంలో పెట్టండి, ఎమ్మెల్యే ఉత్తరంలో వద్దు.

వంశధార_రేవు
ఉత్తరం ఏ భాషలో? మా గుణుపురం పెద్దోళ్లకి ఒడియా మాటాడ్డం వచ్చు, రాయడం రాదు. చదవని కాగితం మీద సంతకం పెట్టరు.

జైపూరు_బడి
ఎమ్మెల్యేకి ఒడియాలో, కమిషన్‌కి, ఎంపీకి ఇంగ్లీషులో. సంతకాల కోసం ఇంటింటికీ తిరిగేటప్పుడు చేతిలో తెలుగు ప్రతి, కుయి, సవర మాట్లాడే ఊళ్లకి ఆ భాష వచ్చిన మనిషి. ప్రతి సంతకాల కాగితం పైన అడుగుతున్న విషయం మొత్తం అచ్చై ఉండాలి, ఖాళీ కాగితం మీద పేర్లు పట్టొద్దు. ఒడియా ప్రతి నేను రాసి ఇక్కడే పెడతా. ఇంగ్లీషు ప్రతి ఎవరు చూస్తారు?

సబ్‌స్టేషన్_వీధి
ఇంగ్లీషు నాది. గ్రిడ్కో కేసు నంబరు నోటీసు పడ్డాకే తెలుస్తుంది, అందాకా ఆ చోటు ఖాళీగా ఉంచుతా. @గిరిరోడ్డు_గొంతు సమాచార హక్కు దరఖాస్తు మాత్రం నవంబరు దాకా ఆగకుండా ఇప్పుడే వెయ్యండి. 30 రోజులు, మీద అప్పీలుకి ఇంకో 30 అనుకుంటే అభ్యంతరాల గడువుకి అంకెలు చేతికొస్తాయి.

గిరిరోడ్డు_గొంతు
వేస్తున్నాను. ఫారం-ఎ నింపి, పంపేముందు ప్రశ్నలు ఇక్కడ పెడతాను. @ఫీడరు_నం7 ఒకసారి చూడండి. @రాయగడ_రేకులు పల్లిసభ షరతు మీ మాటల్లోనే నాలుగు లైన్లు రాసివ్వండి, మేం రాస్తే బలం తగ్గుతుంది.

రాయగడ_రేకులు
రాస్తాను. పల్లిసభలు ఏటా ఫిబ్రవరిలో జరుగుతాయి, ఈ విషయం అక్కడ తీర్మానంగా పెట్టించే పని కూడా మొదలుపెడతాం. తీర్మానం నకలు మీద సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర రెండూ ఉండేలా చూస్తాం. ఎమ్మెల్యే ఉత్తరానికి దాన్ని జతచెయ్యొచ్చు.

మిర్చియార్డ్_ధర్మాబాద్
తీర్మానంల ఫీడర్ పేరు మర్వకుండ్రి.